గుస్టె బొటనవేలికి లొంగని స్విచ్చు

జర్మనీలోని లూడెన్‌షైడ్‌లో ఆల్విన్ కెంపర్ ఎదురుపడితే జనం వాతావరణం గురించి అడిగేవారు కాదు. ఆ కొండమీది ఊళ్లో ఎలాగూ వానే కాబట్టి అడిగి ప్రయోజనం లేదు. "ఏమయ్యా ఆల్విన్, ఈ వారం మీ అత్తగారు ఎన్ని ఆపింది?" అని అడిగేవారు. ఆల్విన్ టోపీ కాస్త పైకెత్తి, ఒక వేలో రెండు వేళ్లో చూపించి, నవ్వుకుంటూ సాగిపోయేవాడు. అతని స్థానంలో ఇంకొకడుంటే ఊరు విడిచి పారిపోయి ఉండేవాడు.

ఆపడం అంటే స్విచ్చును ఆపడం. ఆ ఊళ్లో తాతలు బొత్తాలు చేసి బతికారు, మనవలు స్విచ్చులు చేసి బతుకుతున్నారు. స్విచ్చు లోపల ఓ బుల్లి స్ప్రింగు ఉంటుంది. మీటను ఇటునుంచి అటు నొక్కుతుంటే అది నడిమి దాకా నలిగి నలిగి, నడిమి దాటగానే తన కోపమంతా చూపించి మీటను అవతలికి తన్నేస్తుంది. ఆ తన్నులోనే ఉంది విద్యంతా. తన్ను చాలకపోతే మీట నట్టనడుమ ఆగిపోతుంది. లోపల రవ్వలు లేస్తాయి, రాగి కాలిపోతుంది, స్విచ్చు చేసినవాడి పరువు కూడా దాంతోపాటే కాలిపోతుంది.

ఆల్విన్ అత్తగారు గుస్టె, హుల్స్‌బెర్గ్ స్విచ్చుల కార్ఖానాలో పరీక్షబల్ల దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఆవిడ కుడిచేతి బొటనవేలికి ఎక్కడలేని ఓపిక. మీటను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, ఊపిరి బిగబట్టి, ఎంత గడుసు స్విచ్చునైనా నడుమ నిలబెట్టేది. నిలబడిందా, ఆ నమూనా చెత్తబుట్టలోకే. మోకాళ్లు మొరాయించి ఆవిడ ఇంటిపట్టున ఉండిపోయాక కూడా కార్ఖానా యజమాని హుల్స్‌బెర్గ్ దొర ఆ ఆచారం మానలేదు. ఏ కొత్త నమూనా అయినా ముందు గుస్టె వంటింటికి వెళ్లి రావలసిందే. ఆ వంటింట్లోనే ఆవిడ కార్ఖానా నుంచి డబ్బాల్లో వచ్చే విడిభాగాలను స్విచ్చులుగా కూర్చేది. ఆ వీధిలో చాలామంది ఆడవాళ్లకు అదే పని.

ఆల్విన్‌కు నలభై నాలుగేళ్లు. కింద లోయలో ఉన్న ఆల్టెనా అతని సొంతూరు, ఇనుప తీగలు లాగే ఊరు. తండ్రి తీగపనివాడు. ఆల్విన్ మాత్రం కొండెక్కి వచ్చి, పదకొండేళ్లు అచ్చులు ఆకురాయితో అరగదీసి, చదువు లేకపోయినా చేతివాటం చూసి దొర కూర్చోబెడితే డ్రాయింగు బల్ల ముందు కూర్చున్నాడు. అక్కడ మూడేళ్లు ఇతరులు గీసినవాటికి మరమ్మతులు చేశాడు. తన సొంతదంటూ ఒకటి గీయాలన్న కోరిక మాత్రం భార్య ముక్కు పుణ్యమా అని పుట్టింది.

ఒకరోజు మార్లీస్ నేలమాళిగ నుంచి రెండు చేతులా బంగాళాదుంపల బుట్ట పట్టుకుని మెట్లెక్కి వచ్చి, చేతులు ఖాళీ లేక ముక్కుతో స్విచ్చు నొక్కింది. అప్పటి మీటలు మొండివి. మీట కదల్లేదు, ముక్కు కందింది. ఆల్విన్ నవ్వాపుకోలేకపోయాడు. ఆ రాత్రి భోజనంలో దుంపల అట్టు మాడిపోయి వచ్చింది. మాడిన అట్టు నములుతూ అతను ఆలోచించాడు: మోచేత్తో తాకినా పడే స్విచ్చు ఎందుకుండకూడదు? మీట బదులు వెడల్పాటి పలక. పిల్లలాడే తూగుబల్లలా ఒక కొస నొక్కితే రెండోది లేస్తుంది. లోపల సన్నని, మెత్తని స్ప్రింగు.

గీయడం తేలికే. గుస్టె బొటనవేలిని గెలవడమే కష్టం. మొదటి నమూనాను ఆవిడ కాఫీ చల్లారేలోపే ఆపేసింది.

"ఇదుగో అల్లుడూ, నిద్రపోయింది నీ పిల్ల. జోలపాట పాడనా?"

రెండోదాన్ని ఒక చేత్తో సూప్ కలుపుతూ రెండో చేత్తో ఆపింది. మూడోది కాస్త సతాయించింది కానీ అదీ నిలబడింది.

"పోనీలేవయ్యా, బొత్తాల కార్ఖానాలో ఖాళీ ఉందట. బొత్తాం ఎక్కడ ఆగినా ఎవరూ అడగరు."

ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేవాడు ఆల్విన్. కానీ నవ్వి, మళ్లీ పెన్సిల్ చెక్కుకునేవాడు. పలక ఇరుసును జొన్నగింజంత పక్కకు జరిపి నాలుగో నమూనా తెచ్చాడు. గుస్టె ఆ మధ్యాహ్నం కాఫీతో మొదలుపెట్టి, గిన్నెలు తోమే వేళ దాకా దాన్ని వేలితో నిమిరింది, బతిమాలింది, తిట్టింది. అది ఆగలేదు. టక్కున అటు, టక్కున ఇటు.

"ఇవాళ నా వేలు బాగాలేదు" అని లేచిపోయింది. ఆవిడ నోట అంతకుమించిన పొగడ్త రాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మార్లీస్ మొగుడి బుగ్గ మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది.

హుల్స్‌బెర్గ్ దొర మాట పొదుపు, నియమాల మనిషి. ఆల్విన్‌ను పిలిచి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

"కెంపర్ గారూ, ఏప్రిల్ చివర హనోవర్‌లో వ్యాపార సంత. ఆరు వంటిళ్లకు వంద చొప్పున మీ స్విచ్చులు కూర్చడానికిస్తాం. వచ్చినవాటిలోంచి పది నేనే తీసి యంత్రం మీద పెడతాను. నలభై వేల నొక్కులు. పదికి పదీ నిలిస్తే మీ పలకతో సంతకు వెళ్తాం. లేదా బయట ఎవరి నమూనానో కొనుక్కుని వెళ్తాం, మీరు మళ్లీ ఆకురాయి పట్టుకోవాలి. సరేనా?"

"సరేనండీ" అన్నాడు ఆల్విన్. ఆకురాయి అంటే అతనికి చిన్నచూపు లేదు. కానీ తన సొంత స్విచ్చును బుట్టలో పడేసి వెళ్లి ఆకురాయి పట్టుకోవడమంటే మాటలా?

మార్చి నెలాఖరున యంత్రం మొదలైంది. పది ఇనుప వేళ్లు పది స్విచ్చులను టకటకా నొక్కుతుంటే ఆల్విన్ కాలుగాలిన పిల్లిలా చుట్టూ తిరిగాడు. పదకొండు వేల దగ్గర మొదటిది ఆగిపోయింది. పన్నెండు వేలు దాటేసరికి తొమ్మిది వరసగా నడుమ నిలబడిపోయాయి. విప్పి చూస్తే స్ప్రింగులు వాలిపోయి ఉన్నాయి, పొద్దంతా బరువు మోసి వచ్చిన కూలీల్లా. పదోది మాత్రం ఏమీ ఎరగనట్టు టకటకలాడుతూ నలభై వేలు దాటింది. అప్పటికీ అలిసిపోలేదు.

ప్రతి డబ్బామీదా కూర్చిన మనిషి అంకె ఉంటుంది. పదోదాని అంకె పదిహేడు. పదిహేడు అంటే గుస్టె.

శుక్రవారం దొర స్వయంగా ఆ స్విచ్చు విప్పాడు. లోపలి స్ప్రింగును చిమటాతో వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. మిగతావి బూడిదరంగు. ఇది లేత ఎండుగడ్డి రంగు. పనిముట్లు చేసే ప్రతివాడికీ ఆ రంగు తెలుసు. ఉక్కు వేడి చూస్తేనే అలా పసుపుబారుతుంది. తీగ చుట్టగానే ఒకసారి పొయ్యి చూపించి సేదతీరనిస్తే ఆ స్ప్రింగు ఎన్నేళ్లయినా వాలదు. ఆల్టెనాలో ఈ సంగతి ఉయ్యాల్లో పిల్లలకు కూడా తెలుసు! లావు స్ప్రింగులు ఆల్టెనా నుంచే వచ్చేవి, సేదతీరి మరీ వచ్చేవి. ఈ సన్నవాటిని ఆల్విన్ ఇక్కడే చేత్తో చుట్టించాడు, ఇంత సన్నతీగకు పొయ్యి ఎందుకులే అనుకుని. తీగపనివాడి కొడుకై ఉండి! అతనికి తన తల తానే గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అంతలోనే ఎగిరి గంతెయ్యాలని కూడా అనిపించింది. జబ్బు తెలిసిపోయింది, మందు తెలిసిపోయింది.

"వేడి చెయ్యాలండీ! స్ప్రింగులన్నిటినీ వేడి చేస్తే చాలు, పదికి పదీ నిలుస్తాయి!"

దొర మొహంలో సంతోషం కనిపించలేదు.

"అది సరే. మరి ఈ ఒక్కదాన్ని ఎవరు వేడి చేశారు? ఆరు వంటిళ్లలో మీ వంటింటి స్ప్రింగే ఎందుకు పచ్చబడింది?"

ఆల్విన్‌కు నిజంగానే తెలియదు. కానీ ఇంట్లో ఏదో జరిగిందని మాత్రం అర్థమైంది. ఇళ్లలో కార్ఖానా పని చేసే ఆడవాళ్ల పనికార్డు వెనక నియమాలు అచ్చేసి ఉంటాయి. వచ్చిన భాగాలకు నీళ్లూ నిప్పూ తగలనివ్వకూడదన్నది వాటిలో నాలుగోది. తప్పితే కార్డు పోతుంది, దాంతో పనీ పోతుంది.

"పరీక్ష సరుకులో చెయ్యి పెట్టినవాడు రేపు అమ్మే సరుకులో పెట్టడని నేనెలా నమ్మను? సోమవారం పొద్దున్న సమాధానం చెప్పండి. చెప్పలేకపోతే అచ్చుల గదిలో మీ పాత బల్ల ఖాళీగానే ఉంది" అన్నాడు దొర.

ఆ సాయంత్రం ఇంట్లో విచారణ జరిగింది.

"అత్తయ్యా, ఆ స్ప్రింగుల్ని ఏం చేశారు?"

"ఏం చేస్తాను? స్విచ్చుల్లో పెట్టాను. నంజుకు తింటాననుకున్నావా?"

"పొయ్యి దగ్గర పెట్టారా?"

"పొయ్యి దగ్గర నేను పెట్టేది సూపు. తాగు, చల్లారిపోతోంది."

తేలు కుట్టిన దొంగలా ఆవిడ అటు తిరిగి గరిటె కడగసాగింది. కడిగిన గరిటెనే మళ్లీ కడిగింది. ఆల్విన్ ఇంకేమీ అడగలేదు. దొర ఏమన్నాడో కూడా ఆవిడకు చెప్పలేదు.

శనివారం ఒంటిపూట పని. ఆల్విన్ వీధి మలుపు తిరిగేసరికే కేకు వాసన వచ్చింది. ఆ వీధిలో శనివారం ఇల్లు తుడిచి, మెట్లు కడిగి, పైన వెన్నా చక్కెరా పిండీ కలిపి పొడిగా చల్లిన కేకు వేయని ఇల్లాలు ఉండదు. శుభ్రంలో మాత్రం గుస్టెను మించినవాళ్లు ఎక్కడా లేరు. బొగ్గు తెచ్చే మనిషిని కూడా గుమ్మంలో కాళ్లు తుడుచుకోమనేది.

వంటింటి తలుపు తోసేసరికి గుస్టె ఓవెన్‌లోంచి కేకు పళ్లెం బయటికి తీసింది. పక్కన తుండుగుడ్డ మీద, నీళ్లోడుతూ, సబ్బువాసన వేస్తూ, చిన్న చిన్న స్ప్రింగులు మెరుస్తున్నాయి. ఆవిడ వాటిని ఒక రేకు మీద పరిచి, కేకు తీసిన వేడి ఓవెన్‌లోకి నెట్టి, తలుపు వేసి, వెనక్కి తిరిగింది. ఎదురుగా అల్లుడు.

"ఏం చెయ్యమంటావయ్యా!" అని గుస్టే విరుచుకుపడింది, తప్పు చేసినవాళ్లకుండే కోపంతో. "నూనెలో ముంచి పంపిస్తారు! మిషన్‌నూనె కంపు! ఇదే బల్ల మీద నువ్వు రొట్టె తింటావు, మార్లీస్ తింటుంది. కడక్కుండా ఎలా పెట్టుకోమంటావు? కడిగితే తుప్పు పడుతుంది. అందుకని కాస్త ఆరబెడతాను. అరగంటే. ఎవరి సొమ్మేం పోయింది?"

ఆల్విన్ నవ్వడం మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని, కుర్చీ పట్టుకుని, చివరికి అత్తగారినే పట్టుకుని నవ్వాడు. ఆవిడ నడుం పట్టుకుని బల్ల చుట్టూ రెండు చుట్లు తిప్పాడు.

"వదలవయ్యా! మోకాళ్లు! మార్లీస్, నీ మొగుడికి పిచ్చెక్కింది, చూడవే!"

"అత్తయ్యా, మీరు ఆరబెట్టలేదు. నేను మరిచిపోయింది మీరు చేశారు. నా స్విచ్చును బతికించారు!"

తీగ సంగతంతా చెబితే ఆవిడ విని, ముందు కాస్త గర్వపడింది. తర్వాత మొహం పాలిపోయింది.

"దొరతో మాత్రం అనకు ఆల్విన్. కార్డు తీసేస్తాడు. ఈ పని కూడా లేకపోతే ఈ మోకాళ్లతో కిటికీ దగ్గర కూర్చుని నేనేం చెయ్యను? పక్కింటి పిల్లిని లెక్కపెట్టనా?"

"చెప్పను అత్తయ్యా. ఒట్టు" అన్నాడు ఆల్విన్.

అన్నాడు కానీ, ఆదివారం కాఫీ దగ్గర కేకు ముక్క ముట్టుకోలేదు. వారం పొడుగునా కాఫీ బదులు మాల్టు నీళ్లు తాగే ఇంట్లో ఆదివారం ఒక్కరోజే అసలు కాఫీగింజలు పొడి చేస్తారు. ఆ కాఫీని కూడా అతను చల్లార్చేశాడు. తర్వాత ఒక్కడే కొండ దిగి నడకకు వెళ్లిపోయాడు. అతను గుమ్మం దాటగానే మార్లీస్ తల్లి ముందు కూర్చుంది. శుక్రవారం నుంచి మొగుడి మొహం చూసి చూసి, పొద్దున్నే అతని నోట్లోంచి సంగతంతా లాగింది.

"దొంగ స్ప్రింగు పెట్టాడనుకుంటున్నాడమ్మా దొర. రేపు చెప్పకపోతే మళ్లీ అచ్చుల గదికే. నీకు ఒట్టేశాడట. అందుకని నోరు మెదపడట."

గుస్టె మిగిలిన కేకు మీద గుడ్డ కప్పి, లేచి వెళ్లి బీరువా పైనుంచి టోపీపెట్టె దించింది.

సోమవారం పొద్దున్న ఆల్విన్ దొర గదిలో నిలబడి, వేడి వల్ల తీగకు ఏమవుతుందో మూడోసారి చెబుతున్నాడు. దొర మూడోసారీ అదే అడిగాడు. "ఎవరు చేశారు?" ఆల్విన్ ఇక పాత బల్లే గతి అనుకున్నాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. చర్చికి పెట్టుకునే నల్లటోపీ పెట్టుకుని, కర్ర సాయంతో మూడు అంతస్తులు ఎక్కి, రొప్పుతూ గుస్టె లోపలికొచ్చింది. చేతిలో పనికార్డు. దాన్ని దొర బల్ల మీద పెట్టింది.

"నా అల్లుడు దొంగ కాదండీ. కడిగింది నేను, కాల్చింది నేను. ఇదిగో కార్డు. ఇరవై రెండేళ్లు మీ పరీక్షబల్ల దగ్గర ఒక్క చెడ్డ స్విచ్చును దాటనివ్వలేదు నేను. ఇది చెడ్డది కాదు. మా వాడి స్విచ్చును మాత్రం బుట్టలో పడెయ్యకండి."

"అత్తయ్యా, మీరెందుకు..." అన్నాడు ఆల్విన్.

"నువ్వు నోరుముయ్. పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నాం."

దొర కార్డు తిరగేసి నాలుగో నియమం చదివాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

"ఎన్ని డిగ్రీల వేడి, గుస్టె గారూ?"

"డిగ్రీలేంటండీ? కేకు తీశాక రేకు మీద చిటికెడు పిండి చల్లుతాను. పిండి రొట్టె పెచ్చు రంగుకొస్తే వేడి సరిపోయినట్టు. నల్లబడితే తలుపు కాసేపు తీసి ఉంచుతాను."

"కడగడం ఎందుకు?"

"కంపు కొడితే కడగరా మరి? మీ ఇంట్లో కడగరా?"

దొర నవ్వడం ఆ గదిలో ఆల్విన్ అంతకుముందు చూడలేదు. ఇప్పుడు చూశాడు. దొర కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. ఆ పూటే గుస్టెను కింద క్యాంటీన్ వంటగదికి తీసుకెళ్లారు. వంటవాళ్లందరినీ పక్కకు నెట్టి ఆవిడ ఓవెన్ ముందు నిలబడింది. పిండి చల్లింది, స్ప్రింగులు పెట్టింది. ఆల్విన్ థర్మామీటరు పెట్టి చూస్తే రెండువందల ఇరవై. కడగకుండా కాల్చినవీ అంతే బాగున్నాయని తేలినప్పుడు మాత్రం గుస్టె మూతి ముడుచుకుంది.

"అంటే నా సబ్బంతా దండగేనా?"

"మీ సబ్బు లేకపోతే ఈ ఓవెనే లేదు కదా అత్తయ్యా" అన్నాడు ఆల్విన్. ఆవిడ మూతి ముడి విప్పింది.

కాల్చిన స్ప్రింగులతో పది స్విచ్చులు మళ్లీ యంత్రమెక్కాయి. గురువారం మధ్యాహ్నానికి పదికి పదీ నలభై వేలు దాటాయి. దొర ఆల్విన్ గీసిన కాగితం మీద సంతకం చేసి, "హనోవర్‌కు మీరూ వస్తున్నారు. మంచి కోటు ఉందా?" అన్నాడు. గుస్టె కార్డు కూడా ఆల్విన్ చేతికే ఇచ్చాడు. నాలుగో నియమం మీద ఎర్రసిరాతో అడ్డగీత ఉంది.

ఆ సాయంత్రం ఆల్విన్ కొండెక్కి ఇంటికొచ్చేసరికి అత్తగారు కుర్చీలో కూర్చుని దుంపలు ఒలుస్తోంది. అతను కార్డు ఒళ్లో పెడితే చూసి, ఏప్రన్ జేబులో దోపుకుని, మళ్లీ ఒలవసాగింది. కాసేపటికి, తల ఎత్తకుండానే అంది:

"నిన్ను ఏడిపించడానికి ఆపేదాన్ని అనుకున్నావు కదూ ఇన్నాళ్లూ?"

"కాస్త అనుకున్నాను."

"కాస్త ఏడిపించడానికే. కానీ ఎక్కడో ముక్కూమొహం తెలియని ఆడది, చేతిలో బిడ్డతో చీకట్లో నీ స్విచ్చు నొక్కి, అది నడుమ ఆగిపోతే నిన్ను తిట్టుకుంటుంది. బయటివాళ్లు నిన్ను తిడితే నేను పడలేను. దానికంటే నేనే తిట్టడం మేలనుకున్నాను." కళ్లు ఏప్రన్ కొసతో ఒత్తుకుంది. "చూస్తావేం? నా వంటింట్లో ఇంకా ఈ పింగాణీ తిప్పుడు స్విచ్చే ఉంది. ఎన్నాళ్లు తిప్పమంటావు దీన్ని?"

ఆ ఇంట్లో తన స్విచ్చు పెట్టుకోమని ఆవిడ అడగడం అదే మొదలు. ఆల్విన్ ఫ్యూజు తీసి, పాతది విప్పి, తన పలకస్విచ్చు గోడకు బిగించాడు. గోడకు చిన్న పలక, తెల్లగా, నున్నగా. "నొక్కండి అత్తయ్యా."

గుస్టె దుంపలగిన్నె రెండు చేతులా పట్టుకుని లేచి, మోచేత్తో తాకింది. టక్. దీపం వెలిగింది. మళ్లీ తాకింది. ఆరింది. ఆవిడ మొహం చిన్నపిల్లలా వెలిగిపోయింది. గిన్నె కింద పెట్టి మోచేత్తో, మణికట్టుతో, భుజంతో, చివరికి టోపీ లేని తలతో కూడా నొక్కింది. మార్లీస్ ముక్కుతో నొక్కి చూసి కిలకిలా నవ్వింది. టక్, టక్, టక్. వంటింటి కిటికీ వీధికి వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఎదురింటివాళ్లకు అది చూసి కంగారు పుట్టింది. ఒకావిడ పిండి చేతులతోనే వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. వెనకే ఇంకో ముగ్గురు.

"గుస్టె! ఏమైందే? కరెంటు పాడైందా? ఎవరినైనా పిలవనా?"

గుస్టె కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి, నడుం దాకా బయటికి వంగి, వీధి వీధంతా వినేలా అరిచింది:

"ఏమీ కాలేదే! మా అల్లుడు చేసిన స్విచ్చు! రండి, అందరూ వచ్చి నొక్కండి! కాళ్లు మాత్రం తుడుచుకుని రండి!"